అన్న వచ్చిన కథ

పిట్టా,

ఫోన్‌లో చెప్దామని రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. అందుకే రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోకు. కాలేజీలో చేరి నెలైనా నీకు ఒక్క స్నేహితురాలు లేదని, సిగ్గుతో అందరూ తిన్నాకే మెస్సుకు పోతున్నావని నీతో ఫోన్‌లో మాట్లాడిన మన పైవాటా సంధ్య చెప్పింది. ఫోన్‌లో కథలు రాయడం కూడా మానేశావట. మాన్పించింది నేనే.

టీవీ సీరియల్లోని మనుషులతో నువ్వు సొంతంగా అల్లిన కథను మనింటికి చుట్టాలొచ్చిన రోజు సంధ్య నీ ఫోన్ తీసుకుని అందరికీ చదివి వినిపించింది. అందులో సీరియల్ హీరోయిన్ పిల్లకు నువ్వు ఒక అన్నను పెట్టావు. వాడు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ నుంచి వచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, ఒక ముద్ద తిని, "ఏందే అమ్మా, పప్పొచ్చింది గని ఉప్పింక కొత్తపేట్ల బస్సు కోసం నిలబడ్డదా?" అన్నాడు. అందరూ నవ్వారు. అది అచ్చం మీ అన్న అభిలాష్ అనే మాట. వాడు చనిపోయి అప్పటికి ఐదు నెలలే.

"సచ్చిపోయినోన్ని పట్టుకొని కథలల్లుతున్నవా, సిగ్గు లేదా నీకు?" అని అందరి ముందు తిట్టాను. ఆ కథను అక్కడికక్కడే తీసేయించాను.

ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు బిడ్డా. ఆ మాట వినగానే వాడొచ్చాడనుకుని నేను తలుపు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు. ఆ కోపమంతా నీ మీద పోశాను.

ఆ కథ మళ్ళీ రాయి. వాడు ఒక్క ముద్దే తిన్నాడు, అంతలోనే నేను పళ్ళెం ముందు నుంచి లేపేశాను. ఈసారి పూర్తిగా తిననియ్యి. నువ్వు కూడా అందరితో కూర్చుని కడుపునిండా తిను.

మీ అమ్మ