మగ్గం ఆపి అడిగిన మాట

గుడియాత్తం, 1913
శ్రావణ శుక్రవారం, రాత్రి

పెళ్ళై ఏడాది కావస్తున్నా, నా భార్య మంగకు నేనంటే ఇష్టం లేదనే అనుకుంటూ వచ్చాను. ఏమడిగినా "ఊ" తప్ప మాట లేదు. నిన్న వేలూరు నుంచి వచ్చిన మా అక్కతో ఆ మాటే అంటే నన్నే కోప్పడింది. "తిన్నావా అని అడిగితే ఇంకేం చెప్తాదప్పా? మనసులో ఏముండాదో అడుగు."

ఈ మధ్యాహ్నం మంగ నూలును కండెలకు చుడుతుంటే మగ్గం ఆపి అడిగాను. "ఈ ఇంట్లో నీకు దేనికి బయం?"

తల ఎత్తకుండానే చెప్పింది. "మీరు మగ్గం ఆపితే బయం. మా నాయన మగ్గం ఆపినాడంటే అమ్మను కొట్టేదానికే లేస్తాడు."

నేను ఆపేదల్లా ఆమె ఏమైనా మాట్లాడుతుందేమోనని. ఆ సంగతే చెప్పాను. మంగ కండె కింద పెట్టి నావైపు చూసింది.

"మరి మీకు దేనికి బయం?"

"నువ్వు కావేరిపాక్కానికి, మీ పుట్టింటికి ఎళ్ళిపోతావని."

"నేను యాడికీ పోను," అని నవ్వింది. ఆమె అంత పెద్దగా నవ్వగలదని నాకు తెలియదు.

వాళ్ళమ్మను కొన్నాళ్ళు ఇక్కడికి పిలుచుకుందామా అన్నాను. "నాయన పంపిస్తాడా?" అంది. ఏమో... అయినా ఇకమీదట అది ఇద్దరం కలిసి ఆలోచించే సంగతి. గుండె తేలికైంది.