జాబితాలో మొదటి పేరు

సైకాలజిస్టు అమ్మగారికి దర్జీ నమస్కారాలు.

మీ దగ్గర తాగుడు మాన్పించుకుంటున్న అతనికి పిల్లనిచ్చిన మామను. ఫోన్లో మొదలెడితే ఓ పట్టాన ఆపనని మా ఆవిడ ఉత్తరం రాయమంది. అల్లుడు మానేసి నలభై రోజులైంది. పొట్ట తగ్గింది, చొక్కాలు నడుము దగ్గర బిగించమని పంపాడు. ఒకదాని జేబులో చీటీ దొరికింది! పైన "సాయంత్రం ఆరు" అని ఉంది. అతను సీసా తీసే వేళ అదే. కింద నాలుగు పేర్లు: ఒకటి మామయ్య, రెండు పెద్దత్త, మూడు డ్రైవరు, నాలుగు సైకాలజిస్టు మేడమ్. అంటే అతనికి తాగాలనిపించేలా చేసేవాళ్లలో మొదటివాణ్ణి నేనా? చుక్క ముట్టని మనిషిని! మళ్లీ తాగితే పుట్టింటికొచ్చేస్తానని మా అమ్మాయి చెప్పేసింది. దాని కాపురం నావల్ల కూలుతుందా?

ఇట్లు,
అవమానపడ్డ దర్జీ.

తా.క. నాలుగో పేరు మీదే. మీరూ జాగ్రత్త.

*

దర్జీ గారికి నమస్కారం.

మా దగ్గరికి ఎవరొస్తారో, ఏం రాస్తారో మేం బయట చెప్పకూడదండీ. ఆ చీటీ సంగతేదో కోప్పడకుండా మీ అల్లుడినే అడగండి.

ఇట్లు,
సైకాలజిస్టు.

తా.క. నేను జాగ్రత్తగానే ఉన్నాను.

*

అమ్మగారికి మళ్లీ నమస్కారాలు.

చెప్పనన్నారంటే సంగతి పెద్దదే అన్నమాట! అతన్ని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అతని మేలు కోరి కంటపడటం మానేశాను. మూడు రోజుల్నించి సరిగ్గా ఆరింటికి ఫోన్ చేస్తున్నాడు. తిట్టడానికే అయ్యుంటుంది. కట్ చేసేస్తున్నాను. నిన్నయితే వరసగా నాలుగుసార్లు! చీటీలో పెద్దత్తంటే మా వదినే. ఆవిడకీ చెప్పాను, ఆవిడా తీయడం లేదు.

ఇట్లు,
అల్లుడి క్షేమం కోరే దర్జీ.

తా.క. ఆ డ్రైవరెవరో కనుక్కుని అతనికీ చెప్తాను.

*

దర్జీ గారూ,

ఈ ఉత్తరం మనిషిచేత పంపుతున్నాను. దయచేసి డ్రైవరు జోలికి వెళ్లకండి! ఈ సాయంత్రం ఫోన్ మోగితే తీయండి. ఏమీ అడక్కండి, బుద్ధులు చెప్పకండి. షాపుకొచ్చినవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడండి.

ఇట్లు,
సైకాలజిస్టు.

తా.క. తొందరగా ముగించకండి.

*

అమ్మగారికి వెయ్యి నమస్కారాలు.

తీశాను. "మామయ్యా, ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. నాకేం తోస్తుంది? కాలరు ఎలా కుట్టాలో మొదలెట్టాను. కాలరు నుంచి కాజాలకి, కాజాల నుంచి నా మొదటి మిషనుకి, అక్కణ్ణుంచి దాన్ని నాకు అంటగట్టిన మోసగాడికి వెళ్లాను. వాణ్ణి తిడుతుండగా "ఇక పర్లేదు మామయ్యా, గండం గడిచింది" అన్నాడు. గడియారం చూస్తే ఇరవై ఐదు నిమిషాలు!

అప్పుడు చెప్పాడు. తాగాలన్న కోరిక ఓ ఇరవై నిమిషాలు ఓర్చుకుంటే దిగిపోతుందట కదా. అంతసేపు నిన్ను కదలనివ్వకుండా మాట్లాడేదెవరని మీరడిగితే, ఆలోచించకుండా నా పేరు రాశాడట! నేను ఫోన్ కట్ చేసిన రోజుల్లో పాపం డ్రైవరే కాపాడాడట. నలభై ఏళ్లుగా ఇంటిల్లిపాదీ నా నోటికి దండం పెడుతున్నారు. అది ఒకరి ప్రాణం నిలబెడుతుందని తెలిసి, మిషను మీద తలపెట్టి ఏడ్చేశాను. ఇవాళ్టికి నలభై తొమ్మిదో రోజు.

ఇట్లు,
మొదటి పేరు దర్జీ.

తా.క. మా వదిన పావుగంటకే అలిసిపోతుందని రెండో స్థానం ఇచ్చాడట. మీరేమో మాట్లాడరు, వింటారట. అందుకే ఆఖర్న వేశాడు. ఏమీ అనుకోకండి.