మునిగే నగరానికి రంగు

వనపర్తి,
జూలై 2004

ఎడిటర్ శ్రీవాణి గారికి,

నా నవలలో మాయానది నగరాన్ని ముంచే సన్నివేశం కళ్లకు కట్టడం లేదన్నారు. తిరగరాసి పంపుతున్నాను. జనం గడపలతో సహా దర్వాజాలు పీకి బండ్లకెత్తుకుని పోతారని చేర్చాను. నమ్మేలా లేదనిపిస్తే ఎగిరే గుర్రాలను తీసేయండి, దర్వాజాలను ఉంచండి.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొచ్చినప్పుడు మా ఊరు అలాగే కదిలింది. మళ్లీ ఇల్లు కట్టలేకపోయాం. మా దర్వాజా ఇప్పటికీ ఈ అద్దె ఇంట్లో గోడకు ఆనించే ఉంది. శుక్రవారం శుక్రవారం అమ్మ దాని గడపకు పసుపు రాస్తుంది. ఎందుకని అడిగితే, "ఇల్లు లేకుంటేంది బిడ్డా, గడప ఉన్నది గద" అంటుంది.

ముఖచిత్రం కోసం, మునిగే నగరం ఏ రంగులో ఉంటుందని అడిగారు. గడపలు పసుపు. మిగతా రంగులు మీరే వేసుకోండి. నాకు గుర్తులేవు.

ఇట్లు,
మీ నవలా రచయిత