నరానికి రంగొచ్చింది

ఫిబ్రవరి 3
ద్రాక్షగుత్తుల్లో పిందెలు పలచన చేసే పని మొదలైంది. పొద్దున్నించీ కత్తెర టిక్కు టిక్కు. పొద్దు వాలేసరికి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నావి కావు. చిటికెనవేలు మాత్రం బుద్ధిగా ఉంది. పక్క వరుసలో ఉన్న వదిన, దానికి మనం పని చెప్పలేదుగా అంది.

ఫిబ్రవరి 19
కత్తెర జారింది. కింద పడిన చప్పుడు విన్నాకే తెలిసింది, చేతిలో లేదని.

మార్చి 2
పాపకి జడ వేస్తుంటే పాయలు వేళ్లకి తెలియలేదు. కళ్లతో చూసి అల్లాను. వంకర జడ. అది అద్దంలో చూసుకుని, ఏం కాదులే అమ్మా, బానే ఉంది అంది. ఆ మాటకే ఏడుపొచ్చింది.

మార్చి 9
డాక్టరమ్మ మణికట్టు మీద చల్లటి జెల్ రాసి స్కానింగ్ చేసింది. వేళ్లు ఆడించమంది. స్క్రీన్ మీద, నా చేతి లోపల, వేళ్లని లాగే తాళ్లు జర్రున ముందుకీ వెనక్కీ జారాయి. నోరు తెరుచుకుని చూశాను. కత్తెర నొక్కిన ప్రతిసారీ లోపల ఇంత హడావిడా!

వాటి మధ్య ఇరుక్కుని నలిగిపోయిన నరం కూడా చూపించింది. ఒకటే పని రోజంతా చేస్తే వాపొచ్చి దానికి చోటుండదట. ఆలస్యమైతే బొటనవేలి కింద కండ కరిగిపోతుంది, ఆపరేషన్ చేద్దాం అంది. వదిన వినగానే, చెయ్యి కోయించుకుంటావా, పిచ్చా నీకు, ఉన్న కాస్తా పోతే ఏం చేస్తావే అంది. నాకూ అదే భయం. కానీ పాప వంకర జడ గుర్తొచ్చి, సరేనన్నాను.

మార్చి 16, సాయంత్రం
ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టుంది. ఉండనీ.

చేతికే మత్తు. మెలకువగానే ఉన్నాను. చూస్తావా అంది డాక్టరమ్మ. కళ్లు మూసుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు. తెల్లటి పట్టీలాంటిదేదో కోసింది. దాని కింద నరం, అణిగిపోయి, పాలిపోయి. ఆగు, ఇప్పుడు చూడు అంది. నర్సు కూడా వంగింది. మెల్లగా, ఒక చివర నించి, దానికి లేత ఎరుపు ఎక్కింది. నెత్తురు వచ్చేసింది! పాప పుట్టినప్పుడు నీలంగా ఉండి, ఏడ్చాక ఎర్రబడింది. అప్పుడూ ఇలాగే కళ్లార్పకుండా చూశాను.

డాక్టరమ్మ ఇలాంటివి ఎన్నో చేసిందట. అయినా ప్రతిసారీ ఆగి చూస్తుందట.

మార్చి 30
కుట్లు తీశారు. వదిన వచ్చి చాలాసేపు ఏవేవో కబుర్లు చెప్పింది. వెళ్లబోతూ తన కుడిచెయ్యి చాపింది. బొటనవేలి కింద పల్లం. నాకంటే ముందునించే ఉందట. ఊరుకుంటే అదే పోతుందనుకున్నానే అంది. రేపు తీసుకెళ్తున్నాను.

ఏప్రిల్ 14
బొటనవేలి మీదికి చీమ ఎక్కింది. చూడకముందే తెలిసింది. దాని కాళ్లు తెలిశాయి. అది దిగిపోయేదాకా కదల్లేదు.