తెల్లగీత కనపడని ఫొటో

వదినకి,

నువ్వు ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బాగున్నాం అని రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. అమ్మ అన్నం తింటోంది. నాన్న పనికి వెళ్తున్నాడు. అంతవరకు నిజం.

"మెసేజులు కాదు, ఫోన్ చెయ్యి, నేను పుట్టింటికి వచ్చాక నీ గొంతే వినలేదు" అన్నావు. చేద్దామనే అనుకున్నాను. నోరు పెగలదు, నీకు తెలుసు కదా. మీ పెళ్లైన కొత్తలో ఆరు నెలలు నీతో 'ఊ' 'ఆ' తప్ప ఏం మాట్లాడలేదని అందరికీ చెప్పి నవ్వేదానివి. అందుకే రాస్తున్నాను. పెద్ద మెసేజ్. తప్పులుంటే సర్దుకో, ఐదో క్లాసు చదువు ఇంతే.

నువ్వడిగినవి చెప్తాను. అమ్మ మోకాలు కాస్త నయం. అన్న చొక్కాలు ఎవరికీ ఇవ్వలేదు, నువ్వు మడిచిపెట్టినట్టే ఉన్నాయి. నేను మళ్లీ వెల్డింగ్ షాపుకి వెళ్తున్నాను. మేస్త్రి ఇదివరకు ఊరికే అరిచేవాడు, ఇప్పుడు ఏమీ అనట్లేదు, అదే ఇబ్బందిగా ఉంది. కాలువ లాకుల దగ్గరికి ఓడలు చూడ్డానికి వెళ్తున్నావా అని అడిగావు. లేదు. అన్న పోయి మూడు వారాలు, నేను కాలువ గట్టు ఎక్కీ మూడు వారాలు. ఓడ హారన్ వినపడితే షాపులో మిషన్ ఆన్ చేస్తున్నాను.

నా ఓడల పిచ్చి నీకెప్పుడూ నవ్వులాటే. "నీకు పెళ్లిచూపుల్లో పిల్లని కాదురా, ఓడని చూపించాలి, ఎన్ని టన్నులో గడప దాటకముందే చెప్పేస్తావు" అనేదానివి. అన్న మాత్రం నవ్వేవాడు కాదు. సెలవు రోజు నాతో వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. ఓడ మలుపు తిరగకముందే ఇంజను దగ్గు విని అది ఏదో నేను చెప్పేవాణ్ణి. నంబరు కనపడ్డాక "కరెక్టేరా" అనేవాడు. అన్న పనిచేసే ఓడకి సొట్టమూతి అని పేరు పెట్టింది నేనే, దాని ముందుభాగం గోడకి గుద్దుకుని లోపలికి పోయింది కదా. ఫోన్‌లో మా ఓడల గ్రూపులో ఇరవైమందీ అదే పేరు వాడతారు. అక్కడా నేను ఏమీ రాయను, ఫొటోలు పెడతాను, అంతే. "ఒరేయ్, ఒక్క మాట రాస్తే నీ వేళ్లు అరిగిపోతాయా?" అంటాడు గ్రూపులో ఉండే టైలరు బాబాయ్.

నిన్న కాలువ ఆఫీసులో విచారణ జరిగింది. నాన్నతో నేనూ వెళ్లాను. ఓడ ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఆఫీసరమ్మ ముందు కూర్చున్నాడు. "సరుకు రూలు ప్రకారమే ఎక్కించాం మేడమ్. పైన మూతలు వెయ్యడం కళాసీ పని. వాడు వెయ్యలేదు. లాకులు దాటి పెద్ద నదిలోకి వెళ్లాక నీళ్లు లోపలికి కొట్టి ఓడ మునిగింది. కుర్రాడు మంచోడే, కాస్త బద్ధకం" అన్నాడు. కళాసీ అంటే అన్నే. ఈదుకుని బయటపడ్డ సరంగు తల వంచుకుని "అవునండీ" అన్నాడు. ఓడ నడిపేది ఆయనే, ఆయనకి తెలీదా? మనింట్లో ఎన్నిసార్లు తిన్నాడు వదినా. నువ్వే వడ్డించావు.

బయటికొచ్చాక నాన్న చెప్పులు వేసుకోబోయి, ఏది ఏ కాలిదో తెలియనట్టు నిలబడిపోయాడు. "మీ అన్న బద్ధకస్తుడారా?" అని నన్నడిగాడు.

అక్కడ మీ మేనమామ కూడా "అతని నిర్లక్ష్యమే ప్రాణం తీసింది" అంటున్నాడని రాశావు. చివర్లో నన్ను మళ్లీ అడిగావు, ఆ రోజు లాకుల దగ్గర ఉన్నావా, మీ అన్నని చూశావా అని. మొదటిసారి అడిగినప్పుడు లేనని చెప్పాను.

అబద్ధం వదినా. ఉన్నాను.

మధ్యాహ్నం. లాకు గేటు తెరిచేదాకా సొట్టమూతి నా ఎదురుగా ఆగింది. కంకర లోడు. మూతలు వేసి ఉన్నాయి, పైన తాళ్లు కట్టి ఉన్నాయి. అన్న ఆ పక్కనే నిలబడ్డాడు. ఓడ పక్కభాగం మీద ఒక తెల్లగీత ఉంటుంది, నీళ్లు దాన్ని దాటకూడదు. ఆ రోజు గీత కనపడలేదు. మొత్తం నీళ్ల కింద ఉంది.

దాని సంగతి నాకు చెప్పింది అన్నే. "గీత మునిగిందని ఓడ మీద ఉన్నవాడు చెప్తే మర్నాడు పనిలో ఉండడురా. గేటు మనిషికి తన గదిలోంచి గీత కనపడదు. గట్టు మీద ఉన్నవాడెవడైనా చెప్తే గేటు తియ్యడు" అన్నాడు ఒకసారి.

నాకది గుర్తే రాలేదు. మూడేళ్లలో ఏ ఓడ గీతా అలా పూర్తిగా మునగడం చూడలేదు. గ్రూపులో ఎవరి దగ్గరా అలాంటి ఫొటో లేదు. ఫోన్ తీశాను. అన్న నన్ను చూశాడు. సరంగుకి కనపడకుండా చెయ్యి నడుం దగ్గరే ఉంచి నీళ్ల వైపు వేలు చూపించాడు. తర్వాత గేటు గది వైపు. మళ్లీ నీళ్ల వైపు. ఎంత లోడు వేశామో చూడరా అని గొప్ప చెప్తున్నాడనుకున్నాను. ఫొటో తీసి, బాగుందని బొటనవేలు పైకెత్తాను.

అన్న చెయ్యి దించేశాడు. గేటు తెరుచుకుంది.

గేటు మనిషి నాకు పది అడుగుల దూరంలో, తన గదిలోనే టీ తాగుతున్నాడు. కొత్తవాళ్లతో మాట్లాడ్డానికి సిగ్గు కదా, అందుకే చెప్పలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గు కాదు వదినా. సంతోషం. గ్రూపులో మొదటిసారి మాట కూడా రాశాను, "మా అన్న ఓడ" అని. అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం కబురు తెలిశాక గ్రూపులోంచి తీసేశాను. నా ఫోన్‌లోంచి తియ్యలేకపోయాను.

ఈ రోజు షాపు మానేసి ఆఫీసుకి వెళ్లాను. ఆఫీసరమ్మ ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశారు. "మూతలు వేసే ఉన్నాయి" అని పక్కాయనతో అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"గీత మునగకూడదని నీకు తెలుసా బాబూ?"

"తెలుసు."

"మరి ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"గట్టిగా చెప్పు, వినపడట్లేదు."

"లేదండీ."

రెండూ రాసుకున్నారు. కింద సంతకం పెట్టాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో నాన్న ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో తెలీదు. ఇంటిదాకా నా ముందే నడిచాడు, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అమ్మకి ఇంకా చెప్పినట్టు లేడు, వంటింట్లో గిన్నెల చప్పుడు మామూలుగానే ఉంది.

ఫొటో కింద పెడుతున్నాను. మీ మేనమామకి చూపించు. మూతలు, తాళ్లు అన్నీ తెలుస్తాయి. తప్పు మా అన్నది కాదు. అన్న చెయ్యి కూడా కనపడుతుంది, అది ఎవరికి సైగ చేసిందో మీవాళ్లకి చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం.

నాకు జవాబు రాయకపోయినా పర్వాలేదు. అమ్మకి మాత్రం రాయి. నీ మెసేజ్ వస్తుందని ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది.

ఇట్లు,
నీ మరిది