ఆయుధపూజ తర్వాత మొరాయించిన ప్రింటరు

చైతన్యపురి,
హైదరాబాదు.

పద్మక్కకు సుధ నమస్కారాలు. బావగారి మోకాలినొప్పి తగ్గిందా? పిల్లలు బాగున్నారా? ఇక్కడ మేమంతా కులాసాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు. నువ్వు తెచ్చిన గోంగూర పచ్చడి అడుగుకొచ్చింది. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ, నువ్వు నవ్వేస్తావు, నా కోపం సగంలోనే నీరుగారిపోతుంది. అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాకే నవ్వు.

దసరా చేసుకుని నువ్వు ఊరెళ్లిన మర్నాడే నా ప్రింటరు మొరాయించింది. పైన కాగితం పెట్టి నొక్కితే జిరాక్స్ చక్కగా వస్తోంది. కంప్యూటర్ నుంచి ఇస్తే మాత్రం అసలు ప్రింటరే లేదంటోంది. కళ్లెదురుగా ఉన్నదాన్ని లేదంటే ఒళ్లు మండదా? కోచింగ్ సెంటర్ వాళ్ల పరీక్ష పేపర్లు ఆ సాయంత్రానికే ఇవ్వాలి. ఈ ఊరొచ్చాక నాకంటూ దొరికిన పని అదొక్కటే అని నీకు తెలుసు.

మీ మరిదిని అడిగితే టీవీ మీంచి కళ్లు తిప్పకుండా ఆపి మళ్లీ వెయ్యమన్నారు. వేశాను. కంప్యూటర్లోంచి ప్రింటరు తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు. అదీ చేశాను. లేదంటే లేదనే అంది. "పోనిద్దూ, ఆ బొమ్మ కోసం ఇంత గోలేంటి" అన్నారు. బొమ్మట. ఆయన బైకు స్టార్టు కాకపోతే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు.

కంప్యూటర్ దగ్గర వైరు పీకి, వైరుతో సహా దాన్ని ఆటోలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో రిపేరు షాపుకు తీసుకెళ్లాను. అతను మూత కూడా తెరవలేదు.

"లోపల బోర్డు పోయింది మేడం. గీ పాతదానికి పైసలు ఎందుకు పెడతరు, కొత్తది తీస్కపోండి" అన్నాడు.

చూడకుండా ఎలా తెలిసిందయ్యా అని నిలదీస్తే, రోజూ చూసేవే కదా అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్లీ ఆటోలో వేసుకుని వచ్చేశాను. ఈలోపు సెంటర్ సారు ఫోన్ చేసి, సాయంత్రానికి రాకపోతే ఈ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు.

ఏం చెయ్యను? కూలబడి, దుమ్మైనా దులుపుదామని ప్రింటరు వెనక నుంచి ఆ కంప్యూటర్ వైరు ఊడబీకాను. చూద్దును కదా, వైరు మొనకు ఎండిపోయిన గంధం, దాని మీద కుంకుమ. మా ఇంట్లో అంత గుండ్రంగా బొట్టు పెట్టేది ఎవరక్కా? ఆయుధపూజనాడు ప్రింటరుకు బొట్టు పెట్టావు, సరే. వైరు ఊడదీసి దాని మూతికి కూడా పెట్టి మళ్లీ దూర్చాలా? పూజలో పెట్టినదాన్ని పండగ అయ్యేదాకా ముట్టుకోకూడదని నేను దాని జోలికే పోలేదు. లేకపోతే నువ్వుండగానే నీ పని చెప్పేదాన్ని.

అగ్గిపుల్లతో గీకి, పొడి బ్రష్షుతో తుడిచి పెట్టాను. గుర్రుమని లేచి కాగితం లాక్కుంది. పేపర్లు వేళకే ఇచ్చాను.

భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే మీ మరిది పగలబడి నవ్వి, మీ అక్క పిచ్చి పూజలూ ఆవిడానూ అన్నారు. అప్పుడు నీ మీద కోపం కాస్తా ఆయన మీదికి మళ్లింది. పండగనాడు ఆయన బైకుకు దండ వేశారు, నిమ్మకాయ కట్టారు, తన లాప్‌టాప్‌కు బొట్టు పెట్టుకున్నారు. పక్కనే ఉన్న నా ప్రింటరు ఆయనకు కనబడలేదు. అదీ ఒక పనిముట్టేనని, దాంతో చేసేదీ పనేనని ఈ ఇంట్లో తోచింది నీకొక్కదానికే.

మీ అత్తగారికి, బావగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పచ్చడి పంపు. నీ చల్లని దీవెన నా మీద ఉంటే చాలు. ఈ ఉత్తరం ఆ ప్రింటరు మీదే తీశాను, చూడు, అక్షరం ఎంత నల్లగా పడిందో. వచ్చే దసరాకి కూడా నువ్వే వచ్చి దానికి బొట్టు పెట్టాలి. మూత మీద పెట్టు, వైరు జోలికి పోకు.

నీ చెల్లెలు
సుధ