మతురాన్ పెట్టే గింజ

పారిస్, 1793 జనవరి 9

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు పెరీన్ బతికే ఉంది, దాని నోరూ బతికే ఉంది. రాజుగారిని జైల్లో పెట్టి విచారిస్తుంటే ఇళ్లలో రాజులేమిటని, ఈసారి ముగ్గురు రాజుల పండక్కి గింజ కేకులు చేయొద్దని మా పేట కమిటీ చాటింపు వేసింది. చిన్నప్పుడు కేకులో దాచిన చిక్కుడు గింజ ఎప్పుడూ నీ ముక్కలోనే వచ్చేది. గింజ దొరికినవాళ్లదే రాజ్యం కాబట్టి ఆ పూటంతా నువ్వే రాణివి. నువ్వు గ్లాసెత్తితే చాలు, "రాణి తాగుతోంది!" అని గొంతు చించుకునేవాళ్లం.

కేకుకి "సమానత్వం కేకు" అని పేరు మార్చి అమ్మాను. ఒక్కదాంట్లో మాత్రం గింజ పెట్టి నాకోసం పక్కన ఉంచుకున్నాను. హడావుడిలో అదీ అమ్ముడైపోయింది. పోయి పోయి కమిటీ పెద్ద బ్రెదాన్ పంటి కిందే పడింది! వాళ్లావిడ అలవాటు కొద్దీ "రాజు తాగుతున్నాడు!" అని వీధంతా వినపడేలా అరిచిందట. తెల్లారేసరికి ఆయన నా రొట్టెల దుకాణంలో ఉన్నాడు.

"నువ్వు రాజు మనిషివి. పదిహేడున కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకో. లేదంటే నీ పొయ్యికి సీలేస్తాం."

దుకాణం మూసి నీ దగ్గరికి వచ్చేయమంటావు, తెలుసు. నీకొక్కదానికే చెబుతున్నాను. ఏటా ఆ గింజ పెట్టేది మతురాన్. ఎక్కడ పెట్టాడో నాకైనా చెప్పేవాడు కాదు. ఆగస్టులో రాజభవనం ముందు రాజుగారి కాపలావాళ్ల తుపాకులకు పోయిన మనిషి పెళ్లాన్ని, నన్నా రాజు మనిషి అనేది! గింజ లేకుండా పిండి మూయబోతే ఆయన్ని రెండోసారి పాతిపెడుతున్నట్టు అనిపించింది. చెయ్యి ఊరుకోలేదు.

నీ పెరీన్

పారిస్, జనవరి 22

అక్కా,

గెలిచాను. "గింజ పెట్టావా, లేదా?" అని అడిగాడు బ్రెదాన్.

"పెట్టాను. గింజే పెట్టాను, రాజుని పెట్టలేదు. రాజని అరిచింది మీ ఇంట్లో. అరుపు విని గ్లాసు దించేశారా, తాగేశారా, పౌరుడు గారూ?"

"తాగాడమ్మా, రెండు గ్లాసులు!" అంది వెనక బెంచీ నుంచి వాళ్లావిడే. హాలు గొల్లుమంది. అప్పుడు మతురాన్ సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. బ్రెదాన్ నా మీద రాసిన ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నిన్న పొద్దున రాజుగారి తల తీశారు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, డప్పుల మోత మాత్రం వినిపించింది. రొట్టె కోసం వచ్చిన వాళ్లు, "నీ మొగుడి ఉసురు తగిలింది పెరీన్, ఇప్పుడు చల్లబడ్డావా?" అన్నారు. ఎంత వెతుక్కున్నా నాలో సంతోషం దొరకలేదు. రాణిగారూ నాలాగే మొగుణ్ని పోగొట్టుకుంది అనుకున్నాను. పైకి అనలేదు. నాకు నోరొక్కటే కాదు, మెడ కూడా ఉంది కదా!

సాయంత్రం బ్రెదాన్ భార్య వచ్చి, చేతిరుమాలు విప్పి గింజ నా ముందు పెట్టింది. "ఇది మీ ఆయనది. మా ఇంట్లో ఉండకూడదు," అంది. ఇద్దరికీ వైన్ పోశాను. నేను గ్లాసెత్తగానే అలవాటుగా తను నోరు తెరిచి, టక్కున మూసుకుంది. ఇక ఆ మాట అనడానికి లేదు. మెల్లగా, "మతురాన్ తాగుతున్నాడు," అంది.

ఆగస్టు తర్వాత నేను ఏడవడం అదే మొదటిసారి, అక్కా. కరువుతీరా ఏడ్చాను.

నేను రాను. పొయ్యి ఇక్కడుంది, ఆయన ఇక్కడున్నాడు. వచ్చే పండక్కి నువ్వే రా. గింజ ఎలాగూ నీ ముక్కలోనే వస్తుంది. నువ్వు గ్లాసెత్తగానే మేం ఎవరి పేరు అరుస్తామో నీకిప్పుడు తెలుసు.

మొండి చెల్లెలు,
పెరీన్